డాక్టరుగారి మెడలో నేను

నేను ఒక స్టెతస్కోపుని. జనం గొట్టం అంటారు, నేనేమీ అనుకోను. కాకినాడలో డాక్టరు చదువు ముగించిన రోజున సూర్యప్రకాశంగారు నన్ను కొన్నారు. అప్పట్నుంచి నలభై ఒక్క ఏళ్ళు భీమవరంలో ఆయన మెడ దిగలేదు.

ఆ ఊళ్ళో నా పలుకుబడి అంతా ఇంతా కాదు. నన్ను పెడితేగాని జనానికి వైద్యం జరిగినట్టు కాదు. అదీ నొప్పి ఉన్న చోటే పెట్టాలి. తలనొప్పికి నుదుటి మీద, కీళ్ళనొప్పికి మోకాలి మీద. ఆయన నవ్వుకుంటూ కాసేపు అక్కడ ఆనించి, పనిలో పనిగా ఛాతీకి జరిపేవారు. మోకాలు ఏం చెప్పిందో నన్నడక్కండి.

ప్రాక్టీసు మానేశాక ఒక కొత్త ఆసుపత్రివాళ్ళు ఆయన్ని ఉచిత వైద్య శిబిరాలకి పెద్ద డాక్టరుగా పెట్టుకున్నారు. మమ్మల్నిద్దర్నీ ఫోటో తీసి, 'మీ గుండె చప్పుడు మేం వింటాం' అని బస్టాండు ముందు హోర్డింగు కట్టారు. నాకు సిగ్గేసింది. రెండేళ్ళుగా ఆయనకి చెవులు సరిగ్గా వినబడవు. మాటలైతే పెదాలు చూసి నెట్టుకొచ్చేవారు. నేను మోసుకెళ్ళే చప్పుళ్ళు మాత్రం ఒక్కటీ అందేవి కావు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. అయినా శిబిరంలో వినాల్సిన పనేముంది? నన్ను ఆనించడం, ఒక ఫోటో, ఆ తర్వాత మేనేజర్ కిరీటి చేత్తో మోకాలి ఆపరేషనుకి రాయితీ కూపన్.

ఒక ఆదివారం రొయ్యల షెడ్డులో పనిచేసే బుల్లెమ్మ వచ్చి కూర్చుంది.

"మోకాలండి బాబూ. గొట్టం ఇక్కడెట్టండి."

పెట్టారు. అలవాటుగా ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, నన్ను ఛాతీకి జరిపారు. ఆమె గుండె తాళం తప్పి కొట్టుకుంటోంది. నేను గొంతు చించుకున్నాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కిరీటి కూపన్ చింపి ఇచ్చేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన మాత్రం ఆమె మణికట్టు వదల్లేదు. పాతకాలం చెయ్యి, ఎవర్ని పట్టుకున్నా నాడి చూస్తుంది.

"మెట్లెక్కితే ఆయాసమొస్తోందా?"

"వత్తందండి. మీకెవరు సెప్పారండీ?"

"సార్, లైను పెరిగిపోతోంది," అన్నాడు కిరీటి.

ఆయన నన్ను మెడలోంచి తీసి, పక్కన కూపన్ల మీద పేర్లు రాస్తున్న డాక్టర్ నజీమాకి అందించారు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి నెల కాలేదు.

"నాకు చెవులు పోయాయమ్మా, రెండేళ్ళయింది. ఈవిడ నాడి తేడాగా ఉంది. నువ్వు విను."

లైన్లో అందరికీ వినబడేలాగే అన్నారు. కిరీటి మొహం మాడిపోయింది. నజీమా విని, ఇంకోసారి విని, బుల్లెమ్మని అప్పటికప్పుడు గుండె డాక్టరు దగ్గరికి పంపించింది. "మరి మోకాలో?" అని అడుగుతూనే ఆవిడ ఆటో ఎక్కింది.

నజీమా నన్ను తిరిగి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. ఆ చప్పుడెలా ఉందో చెప్పమ్మా."

నజీమా నోటితో చెప్పలేదు. ఆయన అరచెయ్యి అందుకుని చూపుడువేలితో కొట్టి చూపించింది. వెంట వెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి, మళ్ళీ గబగబా మూడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండేళ్ళ తర్వాత, నేను విన్నది ఆయనకి చేరింది.