ఓడ ముడి

ఈస్టరు ముందు శ్రమకాలం వచ్చిందంటే చర్చి హాల్లో సిలువ నాటకం రిహార్సళ్లు మొదలవుతాయి. ఈసారి యేసు వేషం కరెంటు పనిచేసే పెద్దోడికి పడింది. భక్తి చూసి కాదులెండి, గడ్డం చూసి. యేసుకి కుడివైపు సిలువ మీది దొంగ వేషం వేసే టైలరుకి జ్వరం రావడంతో, ఆ పూటకి నిలబడమని పాస్టరుగారు పెద్దోడి తమ్ముణ్ణి పట్టుకొచ్చారు.

ఓడలో పనిచేసే చిన్నోడు అమ్మ సమాధి చూసుకుందామని వచ్చాడు. రేపు మళ్లీ ఓడెక్కేస్తాడు. అన్నదమ్ములకి మాటల్లేవు. అమ్మ మంచాన పడి, గుమ్మం వైపే చూస్తూ పోయింది. నడిసముద్రంలో ఉన్న చిన్నోడు రాలేదు. మనసుంటే మార్గం ఉండదా అని పెద్దోడి కోపం. అమ్మ చివరగా ఏమందని వచ్చిన దగ్గర్నుంచీ చిన్నోడు అడుగుతూనే ఉన్నాడు. పెద్దోడి నోట్లోంచి ముత్యం రాలితే ఒట్టు.

తాళ్లు జారుతున్నాయని చిన్నోడే నిచ్చెనెక్కి, సిలువకి కొట్టిన కాలిచెక్క మీద నిలబడ్డ అన్నయ్య మణికట్లకి ఓడ ముడి వేశాడు. అదే ముడి మిగతావాళ్లకి నేర్పి, పక్క సిలువ మీద తనూ కట్టించుకున్నాడు. పెద్దోడు మొహం తిప్పుకున్నాడు. చెయ్యి తిప్పుకోలేడుగా. సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి కుర్చీల వ్యాను వచ్చింది.

"మళ్లీ కట్టాలంటే పెద్ద పని. అలాగే ఉండండి, ఇట్టే వచ్చేస్తాం" అంటూ పాస్టరుగారు, ఇంకా కట్టని ఎడమవైపు దొంగతో సహా మిగతా అందర్నీ తీసుకుపోయారు. నిచ్చెన గోడకి ఆనించి మరీ వెళ్లారు. ఇట్టే వస్తామన్నవాళ్లు ఎప్పుడు ఇట్టే వచ్చారు గనక.

"అన్నయ్యా, అమ్మ ఏమందో చెప్పవా? రేపు వెళ్లిపోతున్నా."

"వచ్చుంటే నువ్వే వినేవాడివి."

పెద్దోడికి భుజాలు లాగేస్తున్నాయి. ముక్కు మీద ఈగ వాలితే తోలుకునే దిక్కు లేదు. దిగుదామంటే దారి లేదు, మొహం చాటేద్దామంటే చోటు లేదు. ఎవడి మొహం చూడనని ఒట్టేసుకున్నాడో వాడి పక్కనే కట్టేశారు.

టక్కుమని చప్పుడైంది. చిన్నోడి కాళ్ల కింది చెక్క ఊడిపోయింది. ఒంటి బరువంతా చేతుల మీద పడి వేలాడుతున్నాడు. ఊపిరాడక మొహం నల్లబడుతోంది, మాట పెగలడం లేదు.

పెద్దోడు చెయ్యి చాచబోయాడు. కదిలితేనా? గింజుకున్నకొద్దీ ముడి బిగుసుకుంది. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు కళ్లముందే ప్రాణానికి కొట్టుకుంటున్నాడు. ఎవరైనా రండంటూ గొంతు చించుకోవడం తప్ప పెద్దోడు ఏమీ చెయ్యలేకపోయాడు. ఏడుపు తన్నుకొచ్చింది. సిలువ మీద యేసుకీ తల్లి ఎదురుగానే ఉంది, ఆమె కన్నీళ్లు తుడవడానికి చెయ్యే లేదు. ఇన్నేళ్లూ ప్రసంగాల్లో విన్నమాటే. ఇప్పుడు ఎముకల్లోకి దిగింది. అమ్మ పోయిననాడు నడిసముద్రంలో తమ్ముడి చేతులూ ఇలాగే కట్టేసి ఉన్నాయి.

కేకలు విని జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో నిచ్చెన తెచ్చి పెద్దోడికి ఆనించబోయారు.

"నాకు కాదు, ముందు వాడికి."

పాస్టరుగారు కాళ్లు ఎత్తిపట్టుకుంటే, ఎవరో కత్తితో తాళ్లు కోసి చిన్నోణ్ణి దించారు. నేలమీద కూలబడి దగ్గుతున్నాడు. పెద్దోడు పైనుంచే పిలిచాడు.

"ఒరేయ్. అమ్మ చివరి మాట నేను దాచుకున్నాన్రా. నాకే మింగుడుపడలేదు."

చిన్నోడు తలెత్తాడు.

"'వాడు రాకూడదని కాదురా, రాలేక. వాణ్ణేమీ అనకు.' అదీ అమ్మ అన్నది."

కత్తి పట్టుకున్నవాడు నిచ్చెన పెద్దోడి సిలువకి ఆనించి పైకెక్కబోతే చిన్నోడు ఆపాడు. తనే నిచ్చెనెక్కి, తను వేసిన ముడి తనే విప్పాడు. విడుదలైన అన్నయ్య చెయ్యి ముందు తమ్ముడి మెడ చుట్టూ పడింది.