బేస్తవారం తరుగు

ఆస్పత్రిలో బరువు మిషన్ మీద జయరాముడు ఎక్కగానే ఎర్ర అంకెలు తొంభై అయిదు దగ్గర ఆగిపోయాయి; అతని చెల్లెలు జ్యోతిలక్ష్మి చేతిలో ఉన్న చీటీలో మాత్రం ఎనభై నాలుగు అని రాసి ఉంది.

"దిగి మళ్లీ ఎక్కప్పా," అంది నర్సు.

జయరాముడు దిగాడు. చెప్పులు విప్పాడు. జేబులోంచి సెల్లు తీసి చెల్లెలి చేతిలో పెట్టి మళ్లీ ఎక్కాడు.

తొంభై నాలుగూ ముప్పావు.

జ్యోతిలక్ష్మి గోడ పట్టుకుని నిలబడింది. ఆమె కిడ్నీలు రెండూ పోయి ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు బత్తలపల్లె నుంచి అనంతపురం వచ్చి డయాలసిస్ చేయించుకుంటోంది. అన్న కిడ్నీ ఆమెకు సరిపోయింది. అడ్డం ఒక్కటే.

"ఎనభై అయిదు లోపలికి రావాల. అట్లయితేనే ఆపరేషన్. లేదంటే నీకే ప్రమాదం," అని డాక్టరు జయరాముడికి అయిదు నెలల కిందటే చెప్పాడు. అప్పుడతను తొంభై ఎనిమిది. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసే మనిషి. కూర్చుని చేసే పని, కూర్చుని తినే తిండి.

ఈరోజు ఆపరేషన్ తేదీ ఇస్తారని వచ్చారు. డాక్టరు ఫైలు మూసేశాడు.

"పది కిలోలు తగ్గినాక రండమ్మా. అంతవరకూ తేదీ లేదు."

తిరుగు బస్సులో జ్యోతిలక్ష్మి లెక్క వేసుకుంటోంది. ఆస్పత్రి మిషన్ తప్పా? కాదు. డయాలసిస్‌కు ముందూ తర్వాతా తను ఎక్కేది దాని మీదే. ఇంట్లో వదిన కదిరమ్మ దొంగచాటుగా నెయ్యి పోసి పెడుతోందా? పెట్టినా, ఒక్క వారంలో పదకొండు కిలోలు పెరగవు. ఇక మిగిలింది ఊళ్లో చెనక్కాయలు తూచే ఖాసిం సాబ్ కాటా. ప్రతి బేస్తవారం అన్న ఆ కాటా ఎక్కి చీటీ తెచ్చేవాడు. ఆ చీటీలన్నిటినీ తనే మగ్గం పక్క గోడకు వరసగా అంటించింది. తొంభై ఎనిమిది, తొంభై ఆరు, తొంభై... ఒక్కో చీటీ అంటించినప్పుడల్లా ఇంకో ఏడాది బతుకుతానని అనిపించేది.

ఇంకో సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. ఎర్ర అంకెలు చూసి నర్సు ఉలిక్కిపడింది, తను ఉలిక్కిపడింది. అన్న ఉలిక్కిపడలేదు. "రెండు వారాలు ఆగి పోదాం మ్మే" అని వారం నుంచీ నసిగిందీ అన్నే.

బస్సు దిగి నేరుగా కాటా దగ్గరికి నడిచింది. వెనక జయరాముడు.

ఖాసిం సాబ్ ఖాళీ గోతాల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఈ ఏడు వాన లేదు, కాయ లేదు.

"రాండమ్మా రాండి. ఈ ఏడు నా కాటా ఎక్కిన బస్తా మీ అన్నొక్కడే," అని నవ్వాడు.

"నీ కాటా తప్పు చూపిస్తాంది సాబన్నా."

బీడీ పారేసి లేచాడు. "ఏమంటివి? నలభై ఏండ్లాయ నేను కాటా పట్టి. ఒక్క రైతు ఆ మాట అన్లేదు!"

యాభై కిలోల ఇనుప గుండు ఈడ్చుకొచ్చి కాటా మీద పెట్టాడు. ముల్లు యాభై దగ్గర నిలిచింది. "సూడు. ఇప్పుడు నువ్వెక్కు."

ఎక్కింది. నలభై ఒకటి. మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక ఆస్పత్రిలోనూ అంతే.

"కాటా మంచిదేనమ్మా," అన్నాడు సాబ్ కాస్త శాంతించి. "రా జయరాముడూ, నువ్వూ ఎక్కు."

జయరాముడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎక్కన్నా," అంది జ్యోతిలక్ష్మి.

ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి తొంభై అయిదు మీద ఆగింది. ఖాసిం సాబ్ ముల్లు చూశాడు, చెవి మీది పెన్సిల్ తీశాడు, చీటీ రాసి ఆమె చేతిలో పెట్టాడు.

ఎనభై నాలుగు.

"సాబన్నా!" ఆమె గొంతు కీచుమంది. "ముల్లు తొంభై అయిదు మీదుంటే నువ్వేం రాసినావు?"

"తరుగు తీసి రాసినా."

"ఏం తరుగు?"

"ఏం తరుగంటావేందమ్మా! బస్తాలో మన్ను ఉంటాది, తడి ఉంటాది, గోతం బరువు ఉంటాది. అదంతా తీసేసి మిగిలిందే చీటీలో రాసేది. తరుగు తీయకుండా యాడన్నా చీటీ రాస్తారా?"

"మనిషికి తరుగేంది సాబన్నా?"

"మీ అన్ననే అడుగు. ముందు లుంగీకి, చెప్పులకు అని కిలోన్నర తీయమన్నాడు. మళ్లీ వారం, అన్నం తిని వచ్చినా, ఇంకో కిలో తీయమన్నాడు. పెరిగి పెరిగి పోయిన బేస్తవారానికి పదకొండు ఆయ. ఎవురితోనో పందెం కట్టినా అన్నాడు. నవ్వులాట కదా అని నేనూ రాస్తాంటి."

"పందెం కాదు సాబన్నా. నాకు కిడ్నీ ఇచ్చేకి."

పెన్సిల్ కిందపడింది. దాన్ని తీసుకోవడానికి కూడా సాబ్ వంగలేదు. "యా అల్లా," అని మాత్రం అన్నాడు.

జయరాముడు కాటా దిగి గోతాల మీద కూలబడ్డాడు. తల ఎత్తి, చెల్లెల్నే చూస్తూ మాట్లాడాడు.

"సాబన్న తప్పేం లేదు మ్మే. నేనే చేసినా. తొలి రెండు నెలలు నిజంగానే తగ్గినా. కొర్రన్నం తిని, చెరువు కట్ట మీద నడిచి తొంభైకి వచ్చినా. ఆ చీటీ సూసి ఆ పొద్దు నువ్వు ఎన్నాళ్లకో పాట ఎత్తుకున్నావు. ఆ తర్వాత చీర ఇచ్చేకి ధర్మవరం పోయినా. ఆడ ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తిన్నా. ఒక్క పొద్దే కదా అనుకున్నా. ఆ వారమంతా అట్లే తింటి. బేస్తవారానికి కిలోన్నర పెరిగిండాది. ఆ చీటీ పట్టుకోని నీ ముందరికి ఎట్ల రావాల? అందుకే తరుగు తీయమన్నా. నువ్వు నమ్మి గోడకు అంటిస్తివి. అప్పుడు తెలిసింది, తిన్నా ఏం కాదని. వారానికొక ప్లేటు తినేవాణ్ని దినానికొకటి తింటి. కోత కోస్తారని భయపడి కాదు, ఒట్టు. నీ మొగం సూసేకి భయపడి. ఇంగొకటి కూడా చెప్తా. ఈ పొద్దు నువ్వు లోపల సూదులు పొడిపిచ్చుకోని పండుకున్నప్పుడు, బయట బండి కాడ రెండు బజ్జీలు తిన్నా. అవే ఆఖరివని చెప్పను. ఆ మాట శానాసార్లు చెప్పుకున్నా, నాకే నమ్మకం పోయింది. సాబన్నతో తొంభై అయిదని రాపిచ్చు. గోడ మీది చీటీలన్నీ పీకేసి అదొక్కటే అంటించు, మగ్గంలో కూచుంటే నా కండ్లకెదురుగా ఉండాల. వచ్చే బేస్తవారం నువ్వూ నా ఎంట రా. నేను కాటా ఎక్కుతా. ముల్లు నువ్వు సూడు."