వెనకవైపు ఎర్ర తీగ

ఫ్యాక్టరీ మేనేజరు శాంపిలు పెట్టె మూత తీయగానే బావ మొహం చేటంత అయింది.

"చూశావా కందిరీగా! అచ్చం నువ్వు చేసినట్టే లేదూ?"

ఆమెకు కోపం ముక్కుమీదే ఉంటుందని బావ పెట్టిన పేరది. అక్క మొగుడైన ఈ బావే వ్యాపారంలో ఆమెకు భాగస్తుడు. చంటిపిల్లల చేతికి కట్టే జ్వరం పట్టీని ఆమె తయారుచేసింది. ఒళ్ళు కాలితే అది మోగుతుంది. వేలల్లో చేసిపెట్టే ఫ్యాక్టరీ కోసం రెండుచోట్ల డ్రాయింగులూ, చూసుకోవడానికి తన చేత్తో చేసిన, పట్టీలో ఇమిడే సర్క్యూట్ బోర్డు ఒక్కొక్కటీ ఇచ్చింది. చిన్న షెడ్డువాళ్ళు చేసి పంపింది మోగనే లేదు. పైగా డ్రాయింగు ప్రకారమే చేశామనీ, అందులోనే రెండు తప్పులున్నాయనీ చీటీ పెట్టారు. ఆమె ఫోన్ చేసి వాళ్ళను దులిపేసింది.

ఇక మిగిలింది ఈ పెద్ద ఫ్యాక్టరీ. అద్దాల గది, బల్లమీద ఒప్పందం కాగితాలు. బావ అప్పుడే పెన్ను మూత తీశాడు.

ఆమె బోర్డును వెనక్కి తిప్పింది. వెంట్రుకంత సన్నని ఎర్ర తీగ ఒకటి అడ్డంగా అతికించి ఉంది. ఒళ్ళు భగ్గుమంది. చేసేటప్పుడు చెయ్యి జారి కరెంటు పారే రాగి గీత ఒకటి తెగితే తనే వేసిన అతుకది. ఆ ఒక్క బోర్డుకే వేసింది.

"ఇది మీ లైనులో చేసిందేనా?"

"నిన్ననే మేడమ్. వేడివేడిగా తెచ్చాం."

"మరి ఈ తీగ?"

"మీ డ్రాయింగు ప్రకారమే కదండీ."

"నా డ్రాయింగులో తీగ లేదు. ఇది నా బోర్డు! నేనిచ్చినదాన్నే తుడిచి, మీ స్టిక్కరు అంటించి నాకే చూపిస్తారా?"

మేనేజరు టై సర్దుకున్నాడు. "టైము చాల్లేదండీ. శాంపిలే కదా. అసలు సరుకు చూడండి, మెరిసిపోతుంది."

బావ ఆమె మోచేయి పట్టుకున్నాడు. "ఒప్పుకున్నాడుగా, ఊరుకో తల్లీ. వచ్చే నెలకి సరుకు దుకాణాల్లో ఉండాలి."

"పట్టుబడ్డాక ఒప్పుకోక చస్తాడా? పిల్ల ఒళ్ళు పేలిపోతున్నా ఆ పట్టీ మోగకపోతే వాళ్ళమ్మకేం చెప్తావు బావా? స్టిక్కరు చూపిస్తావా?"

"అరవకు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ!"

బోర్డు సంచిలో పడేసుకుని విసవిసా బయటికి నడిచింది. మెట్లమీద బావ సణిగాడు. "ఉన్న ఒక్కటీ పోయింది. ఇక నువ్వూ మీ అక్కా వంటింట్లో కూచుని చెయ్యండి. మోగకపోతే నేను అరుస్తాలే."

మేనేజరు మీద మంట చల్లారకముందే ఆమెకు తనమీద తనకే మరో మంట రేగింది. తప్పు చూపించినవాళ్ళను తిట్టింది తనే. ఫోను తీసింది.

"మళ్ళీ తిట్టడానికా మేడమ్?" అంది షెడ్డు సూపర్‌వైజరమ్మ. "ఇంకా మిగిలాయా?"

"మిగిలాయి, మీకు కాదు. ఆ రెండు తప్పులూ ఎక్కడో చెప్పండి."

"ఫోనులో చెప్తే మళ్ళీ పోట్లాడతారు. వచ్చి కళ్ళారా చూడండి."

ఆమె ఫోను పెట్టేసి బావ వైపు తిరిగింది. "షెడ్డుకే పోతున్నాం. కారు నువ్వు నడుపుతావా, నన్ను నడపమంటావా?"

ఈ కోపంలో ఆమె నడిపితే ఎలా ఉంటుందో బావకు తెలుసు. గబగబా కారు తాళం తీసి తనే స్టీరింగు ముందు కూచున్నాడు.