చెప్పు బిగించినవాడు

వీధిలోకి పడవలొచ్చిన వరద తర్వాత మూడో ఏడు. మా ఆవిడ నీళ్ల బిందెతో మెట్లెక్కి వచ్చింది. ఎడమ కాలికి చెప్పు లేదు.

"చెప్పు ఏదే?" అన్నాను.

కిందికి చూసుకుంది. "ఉందనుకున్నాను" అంది.

అలా చెప్పు జారిపోవడం వరద ఏడాదే మొదలైంది. నేను చెప్పులు కుట్టేవాణ్ణి. చెప్పు జారిందంటే తప్పు చెప్పుదే అనుకున్నాను. ప్రతిసారీ పట్టీ బిగించాను. "ఊరందరికీ కుడతాను గానీ మా ఆవిడ కాలికి కుట్టడం నా వల్ల కాదు" అని దుకాణంలో నలుగురినీ నవ్వించాను. ఆమె కూడా నవ్వింది.

వీపులో పోటని మా ఆవిడ అంటే మా అమ్మ, "మేం మోయలేదా బిందెలు? పని అనగానే నీకు నడుం గుర్తొస్తుంది" అనేది. నేను తలొంచుకుని తోలు కోసుకునేవాణ్ణి. ఆ మాట అన్యాయమని తెలుసు. కాదంటే బిందె నా భుజం మీదికొస్తుందని ఊరుకున్నాను.

ఈసారి మడమ వెనక కూడా పట్టీ వేసి గట్టిగా కుట్టాను. వారానికి చూస్తే అది మడమలోకి కోసుకుపోయి పుండైంది. ఆమెకు తెలియనే లేదు. అప్పుడు తీసుకెళ్లాను ఆసుపత్రికి.

డాక్టరమ్మ స్కానింగ్ చూసింది. "వెన్నుపాములో గడ్డ. పెద్దవాళ్లలో చాలా అరుదు. మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేయాలి. పోయిన స్పర్శ మొత్తం తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను. ఎప్పటి నుంచి ఇలా?"

"ఈమధ్యేనండి" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూడలేదు. "మూడేళ్లండి."

"మూడేళ్లా! ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?"

"ఈయన చెప్పు బిగించారండి."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే.

ఇంటికొచ్చాక అమ్మ, "నెలల తరబడి మంచమెక్కితే ఇంట్లో పనెవరు చేస్తారు?" అంది.

"ఆపరేషన్ చేయించుకుంటాను అత్తయ్యా. అడగడం లేదు, చెబుతున్నాను. పని సంగతి మీ అబ్బాయినడగండి."

అమ్మ నా వైపు చూసింది.

మా ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పేసింది. "పాదం మెట్టు మీద ఆనిందో లేదో నాకు తెలియదు. చూసుకుందామంటే బిందె అడ్డం. మూడేళ్లుగా మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కుతున్నాను" అంది. ఎన్నని నేనడగలేదు. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నవాణ్ణి, ఎలా అడగను?

మర్నాడు పొద్దున దుకాణం తెరవలేదు. బిందె తీసుకుని కిందికి దిగాను. "నీకెందుకురా ఆ పని!" అని పైనుంచి అమ్మ అరుస్తూనే ఉంది. నీళ్లు పట్టి, ఎక్కుతూ లెక్కపెట్టాను.

ఇరవై మూడు.