తువ్వాలు కప్పిన సేపు

స్టూలు మీద కూర్చున్న సాయిలు కుడిచెయ్యి పైకెత్తి గాల్లో రెండుసార్లు ఊపాడు. ఆ గదిలో అతని పలకరింపు అందుకునే వాళ్లెవరూ లేరు. మంచం మీద వైకుంఠం సేటు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊపింది బీరువా పైనున్న కెమెరాకి. పది నిమిషాలు ఏ కదలికా కనపడకపోతే, మదీనా చౌరస్తాలోని బట్టల దుకాణంలో కూర్చున్న సేటు కొడుకు అనురాగ్ ఫోను మోగుతుంది. పనివాడు నిద్రపోయాడని దాని నమ్మకం. పక్షవాతం వచ్చిన మనిషి ఎలాగూ కదలడు కాబట్టి ఇద్దరి వంతూ సాయిలే కదలాలి.

సాయిలుకి యాభై ఎనిమిదేళ్లు. బట్టల థాన్లు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయింది. ఎప్పుడూ నీళ్లలో నానే వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. ముప్పయ్యొక్క ఏళ్లు వైకుంఠం దుకాణంలో చీరలు విప్పి చూపించాడు, కొనకుండా లేచిపోయిన వాళ్ల వెనక మళ్లీ మడతలు పెట్టాడు. ఎనిమిది నెలల కిందట సేటు పడిపోయాక, నీకన్నా నమ్మకస్తుడు ఎవరున్నారంటూ అతన్ని యాకుత్‌పురాలోని తమ ఇంట్లో సేవకి మార్చారు. నమ్మకస్తుడన్న వారానికే కెమెరా పెట్టారు.

దుకాణంలో కెమెరాలు పెట్టించింది మాత్రం వైకుంఠమే. ఆరు. అందులో ఒకటి పాయఖానాకి పోయే సందు వైపు. సాయిలుకి షుగరు. ఒకరోజు కొనడానికొచ్చిన గిరాకీల ముందే సేటు గల్లా దగ్గర్నుంచి కేకేశాడు. "నాలుగోసారి పోతున్నవ్ సాయిలూ, కుండ ఓటువోయిందా ఏంది?" అందరూ నవ్వారు. సాయిలూ నవ్వాడు. ఆ ఎండాకాలమంతా దుకాణంలో నీళ్లు ముట్టలేదు.

అంత పెద్ద నోరు పడిపోయి, ఇప్పుడు ఒక్క మాట మిగిలింది. పక్క తడిసినప్పుడల్లా వైకుంఠం కళ్లు బీరువా వైపు తిప్పి "క... ప్పు" అంటాడు. సాయిలు తువ్వాలు తీసి కెమెరా మీద వేస్తాడు. తుడిచి, లుంగీ మార్చి, తువ్వాలు తీసేస్తాడు. ఆరేడు నిమిషాల పని. ఆ ఆరేడు నిమిషాలే అనురాగ్‌కి మింగుడు పడలేదు. మొన్న కెమెరాలోంచే అతని గొంతు వినిపించింది.

"సాయిలూ, ఇంకొక్కసారి కప్పితే రేపటికెళ్లి రాకు. కప్పినప్పుడు నువ్వేం జేస్తున్నవో నాకెట్ల తెల్వాలె?"

చిన్నప్పుడు ఇదే గొంతు "సాయిలన్నా" అని పిలిచేది.

నిన్న సాయిలు కప్పలేదు. భయపడ్డాడు. ఈ వయసులో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? పురానాపూల్‌లో చూపు సగం పోయిన భార్య రుక్మాబాయి ఇతని మీదే బతుకుతోంది. కెమెరా చూస్తుండగానే సేటు లుంగీ విప్పాడు. వైకుంఠం "కప్పు" అని రెండుసార్లు అని, మొహం గోడకి తిప్పుకున్నాడు. ఆ తర్వాత గంజి కూడా మింగలేదు. సాయిలు ఇంటికెళ్లి భార్యతో, "ఇయ్యాల నేను మంచి పని చెయ్యలే" అన్నాడు.

ఇవాళ పదకొండున్నరకి గదిలో వాసన వచ్చింది. సాయిలు మంచం దగ్గరికి వెళ్లాడు. వైకుంఠం కళ్లు తెరిచే ఉన్నాయి కానీ బీరువా వైపు తిరగలేదు. అడగడం మానేశాడు. సాయిలు తువ్వాలు పట్టుకుని గది మధ్య నిలబడ్డాడు. పని పోతుందని ఒక కాలు వెనక్కి లాగింది. చివరికి వెళ్లి కప్పాడు.

"కప్పిన సేటూ. ఫికర్ జెయ్యకుండ్రి."

వెంటనే జేబులో ఫోను మోగింది. ఎత్తలేదు. సేటుని పక్కకి ఒత్తిగిలబెట్టి తుడుస్తున్నాడు. వైకుంఠం పొడుగ్గా ఊపిరి వదిలాడు. మళ్లీ పీల్చుకోలేదు. సాయిలు ముక్కు దగ్గర వేలు పెట్టాడు, ఛాతీకి చెవి ఆనించాడు. ఇంకేం లేదు.

తువ్వాలు లాగేసి కింద వంటింట్లో ఉన్న సేటు భార్య విమలాదేవిని పిలవాలి. కానీ సేటు ఒంటి మీద గుడ్డ లేదు, సగమే శుభ్రమయ్యాడు. దుకాణంలో కొడుకు ఫోను చుట్టూ గుమాస్తాలుంటారు. పిలుపు వింటే పక్కింటి వాళ్లూ ఎక్కి వస్తారు. సాయిలు ఫోను మోగుతుండగానే మళ్లీ వేణ్నీళ్లు తెచ్చాడు. ఏడుస్తూనే తుడిచాడు. దుప్పటి మార్చాడు, ఇస్త్రీ లుంగీ కట్టాడు, చొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టాడు, తల తడిపి తన జేబులోని దువ్వెనతో దువ్వాడు. అప్పుడు తువ్వాలు తీసి, "అమ్మా!" అని అరిచాడు.

అరగంటలో అనురాగ్ వచ్చాడు. తండ్రి కాళ్ల మీద పడి ఏడ్చాడు. లేచి, కళ్లు తుడుచుకుని ఫోను తీశాడు. అప్పటికి గది నిండా జనం.

"పందొమ్మిది నిమిషాలు. ఏం జేసినవ్ గీ పందొమ్మిది నిమిషాలు?"

"తుడిచిన."

"తుడిచెటందుకు గంత సేపా? ఫోనెందుకెత్తలే? జల్ది పిలిస్తే నాన బతికెటోడేమో!"

సాయిలు నోరు తెరిచాడు. చెప్పాలంటే సేటు ఏ స్థితిలో పోయాడో చెప్పాలి. గుమాస్తాలు గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"తుడిచిన చిన్నసేటూ. గంతే."

విమలాదేవి భర్త లుంగీ మడతల్ని చేత్తో తడిమి చూసింది. తలెత్తి సాయిలు వంక చూసింది. ఆ పందొమ్మిది నిమిషాలు ఎందుకయ్యాయో ఆవిడకి తెలిసిపోయింది. తల వంచి లుంగీ అంచు భర్త పాదాల మీదికి సర్దింది.

వైకుంఠం వేలికి ఉంగరం ఉంది, మెడలో గొలుసూ ఉంది. అనురాగ్ అవి రెండూ చూశాడు. చూసి కూడా అన్నాడు.

"జేబులు దియ్."

ముప్పయ్యొక్క ఏళ్లలో సాయిలుని ఆ మాట ఎవరూ అనలేదు. చొక్కా జేబు, లాగు జేబులు తనే తిరగేసి ఒక్కొక్కటీ కిటికీ గట్టు మీద పెట్టాడు. బస్సు పాసు, షుగరు గోలీలు, ఫోను, దువ్వెన. అందరూ చూశారు. చూడ్డం అయిపోయాక అందినవి అందినట్టు ఏరుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు. రేపు రావొద్దని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం లేదు.

కిటికీ గట్టు మీద దువ్వెన ఉండిపోయింది. దాని పళ్ల మధ్య తడి ఆరని తెల్ల వెంట్రుకలు రెండు.