సూర్యుడికి పూచీ

సౌరమండల వ్యవహారాలలో ఆమదాలవలసకు ఏకైక ప్రతినిధి సైన్సు మాస్టారు జగన్నాధం. పెరట్లో దూరదర్శిని నిలబెట్టి, సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడనిచ్చి, దాని మచ్చలను బట్టి ఆ దేవుడి మనఃస్థితిని లోకానికి ప్రకటించేవాడు. లోకమంటే ముఖ్యంగా ఆయన 'అప్పా' అని పిలిచే అక్క కూర్మమ్మ.

1968 డిసెంబరులో ముగ్గురు మనుషులు చంద్రుణ్ణి చుట్టిరావడానికి బయలుదేరారని రేడియో చెప్పింది. ఆ ఆనందంలో మాస్టారు ఒక మాట అధికంగా ప్రసాదించాడు.

"సూర్యుడిలో పేలుడు పుడితే కంటికి అగుపడని కణాలు వానలా కురుస్తాయప్పా. మనకి పైన గాలి అడ్డు. ఆళ్లకి గొడుగు లేదు."

అరసవిల్లి సూర్యదేవుడికి మొక్కి ఆదివారాలు ఉప్పు మానిన కూర్మమ్మ, ఈసారి అన్నమే మానేసింది. జ్వరం నుంచి లేచి వారమైనా కాలేదు. మర్నాటికి గోడ పట్టుకుని నడుస్తోంది.

"నువ్వు పస్తుంటే సూర్యుడికేటప్పా?"

"నీ కామెర్లు ఎలాగ తగ్గినాయిరా? నాను ఉప్పు మాన్తేనే."

"డాక్టరు మందిచ్చినాడు."

"ఇచ్చినాడు. తగ్గింది మాత్రం ఆదోరం."

మాస్టారు భౌతికశాస్త్రాన్ని పక్కనబెట్టి కంచం ఆమె ముందుకు జరిపాడు.

"ఆళ్లు ఇల్లు సేరేదాకా ఆయన కోప్పడడని పూచీ ఇయ్యి. తింటాను," అంది కూర్మమ్మ.

ఒక్క అబద్ధం చాలు. ఖండించగల పండితుడు ఊళ్లో మరొకడు లేడు. కానీ తల్లి పోయాక తనను పెంచిన మనిషితో అబద్ధమాడే విద్య ఆయనకు అబ్బలేదు.

"అన్ని రోజులది ఎవుడూ సెప్పలేడప్పా. ఈ పూటకి మాత్రం నాకు బయం అగుపడలేదు."

"అయితే ఈ పూటకి తింటాను."

నాటి నుంచి ఆమదాలవలస సౌరసూచన పూటపూటకూ వెలువడింది. అది వెలువడ్డాకే అక్క కంచం ముందు కూర్చునేది. అక్క తిన్నాకే తమ్ముడు తినేవాడు.

ఒకనాడు తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్మింది. మాస్టారు మధ్యాహ్నం దాటేదాకా పెరట్లోనే నిలబడ్డాడు. కాగితం కాగితంలాగే ఉంది. చివరకు కూర్మమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఏటంటన్నాడు?"

"తెలీదప్పా. అగుపడ్డం లేదు."

ఆమె ఆకాశాన్ని చూడలేదు. ఎండిన తమ్ముడి పెదవులను చూసింది.

"పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు కదా నువ్వు?"

మాస్టారు కాగితాన్ని మళ్లీ సరిచేశాడు.

"ఆ ముగ్గురికీ ఆళ్ల అప్పలుంటార్లే, ఆళ్లు సూసుకుంటారు," అంటూ కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "రా, ఇద్దరం తిందుము."