శేషయ్య తాగిన ఒకే ఒక్క గ్లాసు

శేషయ్యకి అరవై రెండో ఏట నాలుక మీద పుండు లేచింది. ఎడమ పక్క, దవడ పన్ను ఒరుసుకునే చోట. పంటి రాపిడేలే అనుకున్నాడు. హౌరా దగ్గర టికియాపారా రైల్వే షెడ్డులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ముప్పై ఆరేళ్ళూ అరచేతిలో ఖైనీ పొగాకు నలిపి పెదవి కింద దోపుకున్న మనిషి. నాలుగు నెలలు లవంగ నూనె రాసుకుంటూ గడిపాడు. ఐదో నెలలో ముద్ద మింగడమే కష్టమైపోతే, కూతురు మహిత పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు.

ఫలితం వచ్చాక, క్యాన్సరేనని డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. వచ్చే గురువారం ఆపరేషను. పుండు నాలుక మొదలుదాకా పాకింది కనక నాలుక మొత్తం తీసెయ్యాల్సిందే. ఇక మాట ఉండదు. తిండి గొట్టంలోంచే.

"మొత్తమంటే, మొత్తమా?" అని శేషయ్య హిందీలో అడిగాడు.

డాక్టరు తలూపాడు.

తిరిగొస్తుంటే హౌరా వంతెన మీద బస్సు కదలకుండా ఆగిపోయింది. శేషయ్య కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నాడు. పక్కన మహిత ఆసుపత్రి కాయితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి ఆయన, ఆమె వైపు తిరక్కుండానే, "నువ్వు కాస్తావు కదా, ఆ సరుకు ఏటో ఓసారి నాకు పొయ్యి" అన్నాడు.

మహిత ఒళ్ళో కాయితాలు వదిలేసి ఆయన వైపు తిరిగింది.

ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. తండ్రి కొండయ్య బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో కూలీగా ఉండేవాడు. జీతం రోజున మిల్లు గోడ వెనక తాగిన నాటుసారా కల్తీది. రెండు రోజులు కళ్ళు కనపడక తడుముకుంటూ తిరిగి, మూడో రోజు పోయాడు. అప్పుడు శేషయ్యకి పదకొండేళ్ళు. తల్లి అప్పలకొండమ్మ వాడి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని, జన్మలో తాగనని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఆయన ఎంత గట్టిగా పట్టాడంటే, షెడ్డులో ఎవరి పదవీ విరమణ విందు జరిగినా రంగున్న కూల్‌డ్రింకు కూడా తాగేవాడు కాదు, ఎవరేం కలిపారోనని.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఫుడ్ టెక్నాలజీ చదివి, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో సొంతంగా బీరు కాసి అమ్మే ఒక పబ్బులో చేరింది. మూడేళ్ళలో అక్కడ బీరు కాసేవాళ్ళకి ఆమే పెద్ద అయింది. శేషయ్య బంధువులకి "ఫుడ్ కంపెనీ" అని చెప్పుకున్నాడు. ఏడాది పాటు కూతురితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గానీ, ఆమె పని సంగతి ఏనాడూ అడగలేదు.

"పుండు మీద మండుతుంది నాన్నా" అంది మహిత. "నీళ్ళకే మండుతోంది నీకు."

"మండనీ. వారం పోతే మండడానికైనా ఉండదు."

సోమవారం పొద్దున్న, పబ్బు ఇంకా తెరవకముందు, మహిత ఆయన్ని క్యాబులో తీసుకెళ్ళింది. భార్య సత్యవేణికి ఆసుపత్రి పనని చెప్పి బయల్దేరాడు.

అద్దాల తలుపు దాటి లోపలికి వెళితే వరసగా స్టీలు ట్యాంకులు, మనిషికి రెండింతల ఎత్తు. శేషయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో ట్యాంకు చుట్టూ తిరిగి చూశాడు. వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. అతుకుల మీద బొటనవేలు పెట్టి రాశాడు. మూడో ట్యాంకు దగ్గర వంగి, "ఈ క్లాంపు దగ్గర చెమ్మొస్తంది. లోపల వాషరు పోయింది, చూసుకోలేదేటి?" అన్నాడు.

మహిత వంగి చూసింది. నిజమే. "నిన్నటిదాకా లేదు" అంది.

"నిన్నటిదాకా ఏదీ ఉండదు."

ఆయన్ని చివరి ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళింది. బార్లీని కాఫీ గింజల్లా నల్లగా వేయించి, మామూలు బీరుకి వేసేదానికి రెట్టింపు గింజ వేసి, గంటల తరబడి కాచి, ఆ తర్వాత ట్యాంకులో ఐదు నెలలు కదపకుండా ఉంచానని చెప్పింది. చివర్లో కాస్త ఖర్జూర బెల్లం. ఇంపీరియల్ స్టౌట్ అంటారని చెప్పింది.

"ఐదు నెల్లు ఎందుకు?"

"తొందరపెడితే ఒట్టి ఘాటే ఉంటుంది. రుచి నిదానంగా వస్తుంది."

"నా పుండూ దీని ఈడుదే" అన్నాడు శేషయ్య. కూతురు ముఖం తిప్పుకుని గ్లాసు కడగడం మొదలెట్టింది.

పొట్టి కాడ ఉన్న గుండ్రటి గ్లాసులో సగానికి కాస్త పైగా పోసింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. అటువైపు ఏమీ కనపడలేదు. షెడ్డులో బోగీల ఇరుసు పెట్టెల్లోంచి దించిన పాత ఆయిలు ఇంత నల్లగా ఉంటుంది. పైన నురుగు మాత్రం ముదురు గోధుమ రంగులో, వేలితో తీసేలా చిక్కగా ఉంది.

"ఫ్రిజ్ చల్లదనం పోనిచ్చాను. అరచేతుల్లో పట్టుకో. ముందు వాసన చూడు. ఆస్తే ఆస్తే, నిదానంగా."

కాఫీ వాసన వచ్చింది. దాని కింద బెల్లం పాకం అడుగంటిన వాసన. ఇంకా కింద, ఆయన చిన్నప్పుడు హౌరా యార్డులో ఆగి ఉండే బొగ్గు ఇంజన్ల వాసన లాంటిదేదో. అక్కడే కాసేపు ఉండిపోయాడు.

మొదటి గుక్క నిప్పులా తగిలింది. పుండు మీద ఎవరో కాల్చిన మేకు ఆనించినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి, బల్ల అంచు పట్టుకున్నాడు. మహిత లేచి గ్లాసు తీసుకోబోయింది. ఆయన వదల్లేదు. మంట తగ్గేదాకా ఆగి, తల కుడిపక్కకి వాల్చి, బాగున్న వైపున రెండో గుక్క పోసుకున్నాడు.

ఈసారి రుచి తెలిసింది. ముందు చేదు. మాడిన కాకరకాయ వేపుడు అంచు కొరికినట్టుంది. మింగబోయేసరికి ఆ చేదు వెనకనుంచి తీపి వచ్చింది, ఎక్కువ కాదు, అడిగితే తప్ప ఇవ్వనట్టు. తర్వాత గొంతులోంచి రొమ్ములోకి నిదానంగా వెచ్చదనం దిగింది. ఆయన కళ్ళు మూసుకుని అది ఎక్కడిదాకా వెళుతుందో చూశాడు.

నలభై నిమిషాలు తాగాడు ఆ ఒక్క గ్లాసు. అరచేతుల వేడికి అది మారుతూ వచ్చింది. మధ్యలో ఎండు ద్రాక్ష తగిలింది. ఇంకాసేపటికి ఉప్పు తగిలినట్టనిపించి, ఉప్పు వేశావా అని అడిగాడు. వెయ్యలేదంది. ప్రతి గుక్కకీ ఎంతో కొంత పుండు మీదకి జారేది. అప్పుడు ఆగేవాడు. మంట పోయాక మళ్ళీ ఎత్తేవాడు.

"మా నాన్న కషాయం మింగినట్టు మొహం పెట్టి మింగీవోడు" అన్నాడు ఒకసారి. "మూతి తుడుసుకొని మళ్ళీ మింగీవోడు. దీన్ని రుచి చూసుకుంటా కూడా తాగుతారని నాకు తెలీదు."

"ఆయన తాగింది ఇది కాదు నాన్నా. అది విషం."

"తెలుసు." గ్లాసు అడుగున మిగిలింది తిప్పి చూశాడు. "ఏడాది పాటు నీతో మాటాడలేదు. మాటున్న రోజుల్లో."

ఆయన చివరి గుక్క నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు. మింగాక గ్లాసు బల్ల మీద బోర్లించబోయి, మానేసి, తిన్నగా పెట్టాడు.

"బాగా చేసినావు" అన్నాడు. "పనిమంతుడి పని."

ఇంటికెళ్ళేసరికి సత్యవేణి గుమ్మంలోనే వాసన పట్టేసింది. "ఏటది?" అంది. శేషయ్య దాచలేదు. ఆమె మంచం మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "రేపు పైకెల్లి మీ అమ్మకి ఏటి చెప్తావు?" అని నిలదీసింది.

"అక్కడికెల్లేసరికి నాకు నాలుక ఉండదు. ఏటీ చెప్పక్కర్లేదు."

సత్యవేణికి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎలాగుంది?" అని మెల్లగా అడిగింది.

"అంతా చేదు కాదు" అన్నాడు.

గురువారం తొమ్మిది గంటలు ఆపరేషను చేశారు. నాలుక మొత్తం తీశారు. మెడలో రెండు గడ్డలు దొరికాయి. వాటినీ తీశారు గానీ, అన్నీ వచ్చాయని చెప్పలేమన్నారు. నెల రోజుల తర్వాత ఇంటికి పంపారు. ఊపిరి కోసం మెడలో పెట్టిన గొట్టం తీసేసి రంధ్రం మూశారు. తిండికని పొట్టకి పెట్టిన గొట్టం మాత్రం అలాగే ఉంచారు.

మహిత ఒక పలకా సుద్దముక్కలూ కొనితెచ్చింది. శేషయ్య మిల్లు బడిలో ఏడో తరగతి దాకా తెలుగులో చదివాడు. ఇంకో లిపి రాయడం రాదు. సత్యవేణికి చదువే లేదు. మహిత బెంగాలీ, ఇంగ్లీషు బళ్ళలో చదివింది. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక తనంతట తను సగం సగం నేర్చుకుంది. ఆయన రాస్తే ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. తొందరలో ఆయన రాత వంకరపోతే అదీ కుదరదు. అప్పుడు పలక తుడిచేసి గోడకి తిరిగి పడుకునేవాడు.

ఆయన ఎదుట తినడానికి వాళ్ళకి మనసొప్పలేదు. సత్యవేణి వేగే వంటలు మానేసింది. అన్నం, ఉడకేసిన కూర పళ్ళెంలో పెట్టుకుని, వెనక వరండాలో తలుపు దగ్గరికేసి తల్లీకూతుళ్ళు గబగబా తినేవారు. ఇల్లంతా మందుల వాసన తప్ప ఇంకో వాసన లేకుండా పోయింది.

ఇంటికొచ్చి మూడు వారాలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళు పళ్ళేలతో వరండాకి వెళుతుంటే శేషయ్య మంచం కోడు మీద పలకతో టకటకా కొట్టాడు. మహిత పళ్ళెం దించి వచ్చింది. ఆయన రాసి చూపించాడు. ఆమె మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"పో" అని చదివింది. అక్కడే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. పలక మీంచి వేలు తీసేసి, "వెళ్తున్నాం నాన్నా" అంది.

శేషయ్య ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. ఆ వేలునే తీసి రెండో అక్షరం మీద పెట్టి నొక్కాడు. తర్వాత మూడోదాని మీద, నాలుగోదాని మీద.

"పో... పు. పోపు." ఆమె గొంతు సవరించుకుంది. "పె... ట్టు. పోపు పెట్టు."

సత్యవేణి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటంటున్నాడు?"

"పోపు పెట్టమంటున్నాడమ్మా."

సత్యవేణి వంటగదిలోకి వెళ్ళి మూకుడు పెట్టి నూనె పోసింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరప, చిదిమిన వెల్లుల్లి వేసింది. ఆ ఘాటు రెండు గదుల ఇంటినీ నింపేసింది. శేషయ్యకి దగ్గొచ్చింది. మెడ మీది కుట్ల మచ్చలు లాగి నొప్పెట్టాయి. చెయ్యి అడ్డంపెట్టుకుని దగ్గాడు గానీ, తలుపు వెయ్యబోతున్న మహితని వద్దని సైగ చేశాడు.

ఆ పూట వాళ్ళిద్దరూ మంచం పక్కన నేల మీద కూర్చుని తిన్నారు. ఆయన పొట్ట గొట్టానికి సిరంజి తగిలించుకుని, తన రాగి జావ తనే, వాళ్ళ ముద్దలతో పాటు కొంచెం కొంచెంగా పోసుకున్నాడు.